పెరగని చేపలు

ఆరో తరగతి సైన్సులో జీవులు, నిర్జీవులు అని ఒక పాఠం ఉంది. దాన్ని చెప్పడానికి పెద్దగా ఏమీ రానక్కర్లేదని మా స్టాఫ్ రూంలో అందరి అభిప్రాయం. కోడి జీవి, రాయి నిర్జీవి, బోర్డు తుడిచేసి బయటికి వచ్చెయ్యి అంటారు. వాళ్లెవరూ మా పిల్లలకు ఆ పాఠం చెప్పి చూడలేదు.

మా బడి చిట్కుల్ దగ్గర. పిల్లల్లో సగానికి పైగా కంపెనీల్లో పనిచేసేవాళ్ల పిల్లలే. ఇక్కడివాళ్లున్నారు, ఒడిశా నుంచి, బీహార్ నుంచి అమ్మానాన్నలతో వచ్చినవాళ్లున్నారు. కదిలేది జీవి అని నేను బోర్డు మీద రాయడం పూర్తికాకముందే ఎవరో ఒకరు లేచి, "ఆటో గూడ కదుల్తది గద టీచర్" అంటారు. తినేది జీవి అంటే ఆటో డీజిల్ తాగుతుందంటారు. గాలి పీల్చి వదిలేది జీవి అనగానే క్లాసు క్లాసంతా కిటికీ వైపు తిరుగుతుంది. కిటికీలోంచి కంపెనీ పొగగొట్టం కనపడుతుంది మరి. ఒక ఏడాది ఒక పిల్ల కంపెనీ కచ్చితంగా జీవే అని నాతో పావుగంట వాదించింది. తింటది, పొగ ఇడుస్తది, వాగులకు ఒంటికి పోతది అంది. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇలాంటి వాదనల్లో ఓడిపోయి ఓడిపోయి చివరికి నేను రెండే గుర్తులు గట్టిగా పట్టుకున్నాను. తనంతట తాను పెరిగేది జీవి. చచ్చిపోగలిగేది జీవి. ఆటో పిల్ల పెరిగి లారీ కాదు. రాయి పగులుతుంది గానీ చచ్చిపోదు. ఈ రెండూ చెప్పాక వాళ్ల నోళ్లు మూతపడేవి. ఆ రోజు ఇంటికి కాస్త నడుం నిటారుగా పెట్టుకుని వచ్చేదాన్ని. ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను, తెలిసి ఒక్క అబద్ధం చెప్పలేదు అని ఎవరు అడిగినా అడక్కపోయినా చెప్పుకునేదాన్ని. నాకు ఆ గర్వం ఉండేది, దాచుకోవడం దేనికి.

మా ఆయన కూడా సైన్సు మనిషే. కెమిస్ట్రీ. మా ఇద్దరి నాన్నలూ కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఒకే కాలనీలో, రెండు క్వార్టర్ల దూరంలో పెరిగాం. ఆయన నాకు పదేళ్లప్పటి నుంచి తెలుసు. అబద్ధం చెబితే చెవులు ఎర్రబడేవి. మా వీధిలో కిటికీ అద్దం పగిలితే పెద్దవాళ్లు ముందు ఆయన చెవులు చూసేవాళ్లు. పెళ్లయ్యాక నేను ఆ చెవులు చూడడం మానేశాను. అవసరం రాలేదు.

ఆయన పని ఈ పారిశ్రామికవాడలోనే ఒక మందుల కంపెనీలో. పేరు చెప్పను. అక్కడ వాడిన మురికినీళ్లను శుభ్రం చేసి బయటికి వదిలే ప్లాంటు ఒకటి ఉంటుంది, అందరూ ఈటీపీ అంటారు. దాని బాధ్యత ఆయనది. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా, "నీ పాఠానికి పనికొచ్చేది ఒకటి పెట్టించాను" అన్నారు.

నీళ్లు అన్ని దశలూ దాటి బయటికి పోయేచోట ఒక గాజు తొట్టి పెట్టించారట. శుభ్రం చేసిన నీళ్లు దాంట్లోంచి పోతాయి. తొట్టిలో ఆరు బంగారు తీగ చేపలు. తనిఖీకి వచ్చిన అధికారులకు కాగితాలు చూపించే ముందు చేపల్ని చూపిస్తారు. చేప హాయిగా ఈదుతోందంటే ఆ నీళ్లు మంచివని లెక్క. మిషన్ తప్పు చూపించవచ్చు, చేప తప్పు చూపించదు కదా అన్నారాయన. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, మర్నాడు ప్రార్థనలో పిల్లలందరికీ చెప్పేశాను.

ఆ ఆగస్టులోనే ఆరో తరగతిని తీసుకెళ్లాను. కంపెనీ బస్సు పంపారు, పిల్లలకు బిస్కెట్ పాకెట్లు ఇచ్చారు. మా ఆయన తెల్లకోటు వేసుకుని తొట్టి పక్కన నిలబడి, "చేపలు బతికున్నాయంటే నీళ్లు బతికున్నట్టే" అన్నారు. పిల్లలు గాజుకి ముక్కులు ఆనించి చూశారు. ఆరింటిలో ఒకదానికి తోక చివర తెగి ఉంది. పిల్లలకు అదే నచ్చింది. తోక తెగిందని దానికి పేరు పెట్టారు. తొట్టి ముందు అందర్నీ నిలబెట్టి ఫోనులో ఫోటో తీశాను. మరుసటి ఏడు కొత్త ఆరో తరగతితో పాటు, గోల చేస్తే ఏడో తరగతిని కూడా తీసుకెళ్లాను. తోక తెగింది ఏదని వాళ్లు అడిగితే, అదిగో వెనక తిరిగేది అని మా ఆయన చూపించారు. తర్వాత ప్రతి ఆగస్టులో ఇదొక ఆనవాయితీ అయిపోయింది. అలా నాలుగుసార్లు, నాలుగు ఫోటోలు.

ఆ మొదటి ఏడే మా అమ్మాయి ఇంటర్ హాస్టల్లో చేరాక ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. కూర ఎలా ఉంది, బాగుంది, అంతే. అప్పుడు మాకు ఆ చేపలు పనికొచ్చాయి. అన్నం దగ్గర నేను, "తోక తెగింది ఎలా ఉంది?" అని అడిగేదాన్ని. ఆయన చెప్పేవారు. ఇవాళ మేత వేస్తే అదే ముందుకొచ్చింది. నిన్న ఉరుములకు బెదిరి మూలకు నక్కింది. ఇంకోటి దాన్ని నెట్టేసి తింటుంటే నేనే అడ్డం చెయ్యి పెట్టాను. అన్నీ ఇలాంటివే. ఒకసారి మూడు రోజులు అది మేత ముట్టలేదని చెబితే, నాలుగో రోజు బడి నుంచే ఫోన్ చేసి అడిగాను. తింటోందన్నారు. నాకు జ్వరమొస్తే ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా చూసుకున్నారా అని దెప్పాను. నవ్వారు. పిల్లలకు ఆ కబుర్లు మర్నాడు చేరేసేదాన్ని. మూడేళ్లయింది, ఒక్క చేప కూడా చావలేదు చూడండి అని గొప్పగా చెప్పేదాన్ని.

ఆ మాట నా నోటితో నేను ఎన్నిసార్లు అన్నానో తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. చచ్చిపోగలిగేది జీవి అని చెప్పిన నోటితోనే.

ఇక వంటక్క గురించి చెప్పాలి. మా బళ్లో మధ్యాహ్న భోజనం వండే మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. భర్త లేడు. వాగు పక్కన ఎకరంన్నర పొలం, రెండు బర్రెలు. పొద్దున్నే పాలు పిండి, పాల కేంద్రంలో పోసి, ఎనిమిదింటికల్లా బడికొచ్చి పొయ్యి ముట్టించేది. ఆమె చేతి సాంబారు కోసం నేను ఇంటి నుంచి డబ్బా తేవడం మానేశాను. వడ్డించేటప్పుడు మిగతా టీచర్లకు ఒక గరిటె, నాకు రెండు. ఎవరైనా అడిగితే, "టీచరమ్మ గొంతు శించుకుంటది గద, జెర ఎక్కువ తినాలె" అనేది.

రెండో ఏడాది ఎండాకాలంలో ఆమె బోరు ఎండిపోయింది. వాగులో మాత్రం నీళ్లుండేవి. వాగు పైభాగంలో ఉన్నది మా ఆయన కంపెనీ ఒక్కటే. కాబట్టి ఆ నీళ్లు ఎక్కడివో ఊరందరికీ తెలుసు. ఊళ్లో కొందరు ఆ నీళ్లు ముట్టవద్దన్నారు. కొందరు ఏం కాదన్నారు. ఒకరోజు గిన్నెలు కడుగుతూ నన్ను పిలిచింది.

"టీచరమ్మా, మీరు సదువుకున్నోళ్లు. మీ సారు గక్కడనే పనిచేస్తడాయె. గా వాగు నీళ్లు బర్రెకు తాపచ్చా?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చేపలు బతుకుతున్నాయక్కా ఆ నీళ్లలో. నా కళ్లతో చూశాను. చేపకు పనికొచ్చింది బర్రెకు పనికిరాదా?" అన్నాను.

"మీరు సూసిండ్రా?"

"రెండుసార్లు చూశాను. పిల్లలూ చూశారు."

"ఇగ మీరు చెప్పినంక ఏంది" అని గిన్నె బోర్లించింది. ఆ సాయంత్రం నుంచే రెండు బర్రెల్నీ వాగుకు తోలింది. ఊళ్లో ఇంకో నాలుగైదు ఇళ్లవాళ్లు కూడా ఆమెను చూసి తోలారని తర్వాత తెలిసింది. టీచరమ్మ చెప్పింది అనేదట అందరికీ.

నిరుడు వానాకాలంలో పెద్ద బర్రెకు కడుపు పోయింది. ఏడో నెల. ఆమె రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు వచ్చి, పొయ్యి ముందు కూర్చుని, "నీళ్లతోటి గాదు గద టీచరమ్మా?" అని అడిగింది. గొంతులో నిందేమీ లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను ఏమన్నానంటే, దాణా మార్చావా, వాన నీళ్లలో తడిసిన గడ్డి ఏమైనా పెట్టావా, టీకాలు వేయించావా అని వరసగా అడిగాను. అన్నిటికీ ఆమె తలదించుకుని జవాబు చెప్పింది. టీకా ఒకటి తప్పిపోయిందంది. "మరి చూశావా" అన్నాను. తప్పు ఆమెదే అని తేల్చేసి, రెండు గరిటెల సాంబారు పోయించుకుని క్లాసుకు వెళ్లిపోయాను. తర్వాత ఆ బర్రెను అమ్మేసింది. కొండాపూర్ దిక్కున్న తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న చిన్న బర్రె ఒక్కటే మిగిలింది. ఈ ఏడు దానికి కడుపు నిలిచింది. ఆమెకు ఇక మిగిలిన పాడి అదే.

ఈ సెప్టెంబరులో ఒక సోమవారం, ఆరో తరగతిలో మళ్లీ అదే పాఠం. ఈసారి పెరుగుదల గురించి చెప్పడానికి ఒక ఉపాయం ఆలోచించాను. నాలుగేళ్ల ఫోటోల్నీ పెద్దవిగా ప్రింటు తీయించి బోర్డు మీద వరసగా అతికించాను. ఇప్పుడు తొమ్మిదిలో ఉన్న పిల్లలు మొదటి ఫోటోలో ఎంత ఉన్నారో, రెండోదాంట్లో ఎంతయ్యారో చూడమన్నాను. పిల్లలకు మహా సరదాగా ఉంది. "అక్కకు అప్పుడు జడలే లెవ్వు" అని ఒకడు, "అన్న గింతనే ఉండె" అని ఇంకొకడు. మా ఆయన తీసిన మూడో ఫోటోలో నా జుట్టు కూడా తెల్లబడిందని ఎవరో కనిపెట్టారు. "అవును, జీవులన్నీ పెరుగుతాయి, మారతాయి" అంటూ కర్రతో ఒక్కొక్క ఫోటో మీద చూపిస్తున్నాను. కర్ర చివర పిల్లల భుజాల మీదుగా తొట్టి దగ్గరికి వెళ్లింది.

నాలుగు తొట్లలో ఆరేసి చేపలు. అరచెయ్యంత. మొదటి ఏడాది అరచెయ్యంత, రెండో ఏడాది అరచెయ్యంత, నాలుగో ఏడాది కూడా అరచెయ్యంతే. బంగారు తీగ మూడేళ్లలో కిలోలకు కిలోలు తూగుతుంది, పటాన్‌చెరు మార్కెట్లో ఎవరినడిగినా చెప్తారు. సరే, తొట్టి చిన్నది, అంత పెరగకపోవచ్చు. కానీ వేలెడు కూడా పెరగకుండా ఉంటుందా? తోక తెగిందాన్ని వెతికాను. మొదటి ఫోటోలో ఉంది. రెండోదాంట్లో లేదు. మూడోదాంట్లో, నాలుగోదాంట్లో కూడా లేదు. దాని తోక మళ్లీ పెరిగిందేమో అని ఒక్క నిమిషం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, శనివారం రాత్రి అన్నం దగ్గర కూడా ఆయన తోక తెగింది అనే చెప్పారు, తోక వంకరగా ఊపుతూ తిరుగుతోందని.

కర్ర కింద పెట్టేశాను. పిల్లలు ఏమైంది టీచర్ అని అడిగారు. తలనొప్పి అన్నాను. ఇరవై ఏళ్లలో క్లాసులో నేను తెలిసి చెప్పిన మొదటి అబద్ధం అది.

సాయంత్రం ఆయన కంపెనీ బస్సు దిగి వచ్చారు. నేను రోజూలాగే అన్నం వడ్డించాను. రోజూలాగే అడిగాను. ఎందుకు అడిగానంటే, ఆయన ఏం చెప్తారో చూడాలని. అది మంచి పని కాదని తెలుసు.

"తోక తెగింది ఎలా ఉంది?"

"హుషారుగా ఉంది. ఇవాళ పైపు కింద నీళ్లు పడేచోటే ఆడుకుంటోంది" అన్నారు పప్పు కలుపుకుంటూ.

చెవులు చూశాను. ఎర్రబడలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడు బాగుపడ్డాయో ఆ చెవులు.

నాలుగు ఫోటోలూ ఆయన కంచం పక్కన పెట్టాను. ఆయన మొదటిది చూశారు, నాలుగోది చూశారు. మధ్యవి తీయలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"అది ఎన్నాళ్లు బతికింది?" అన్నాను.

"ఏది?"

"మీకు తెలుసు ఏదో."

"మూడు రోజులు" అన్నారు. "మీ పిల్లలు వచ్చి వెళ్లిన మూడో రోజు."

తర్వాత అడిగినదానికల్లా చెప్పారు. మొదట్లో చచ్చినప్పుడల్లా కొత్తవి వేసేవారట. మార్కెట్ నుంచి ఒక మనిషి తెచ్చిచ్చేవాడు. పెద్దవైతే తొట్టిలో తిరగలేవు, చిన్నవైతే అధికారులకు కనపడవు, తేడా తెలియకుండా ఒకే సైజువి తెమ్మనేవారు. వారానికి రెండుసార్లు మార్చడం కష్టమై, ఆరు నెలల తర్వాత తొట్టికి వచ్చే పైపునే మార్చేశారు. ఇప్పుడు దాంట్లోకి వచ్చేది బోరు నీళ్లు, వాటిలోనూ నాలుగైదు నెలలకు మించి బతకడం లేదట, అప్పుడు మళ్లీ అదే సైజువి వేస్తారు. వాగులోకి పోయే నీళ్లు పక్కనుంచి వేరే పోతాయి. పైవాళ్లు చెప్పారు, నేను చేశాను అన్నారు.

"మరి నాకెందుకు చెప్పారు? రోజూ? అది తింది, అది బెదిరింది అని? అధికారులకు చూపించుకోండి, వాళ్లతో మీకు అవసరం. నేనెవరిని?"

"నువ్వు అడిగేదానివి" అన్నారు. "మొదటిసారి చచ్చిపోయిందని చెబుదామనే వచ్చాను. నువ్వు గిన్నె మూత కూడా తీయకుండా దాని గురించే అడిగావు. చెప్పలేకపోయాను. తర్వాత రోజు మళ్లీ అడిగావు."

ఆ జవాబులో ఎంతో కొంత ప్రేమ ఉందని నాకు తెలుసు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. డబ్బు కోసమో, ఉద్యోగం కోసమో అబద్ధమాడితే ఒక దండం పెట్టి ఊరుకోవచ్చు. ఈయన చచ్చిన చేపకు మూడేళ్లపాటు ఆకలి వేయించాడు, భయం వేయించాడు, ఒంట్లో బాగాలేకుండా చేసి మళ్లీ బాగుచేశాడు. నేను ఆ కబుర్లు తీసుకెళ్లి పిల్లలకు పంచాను. మా ఇద్దరి మధ్య బతికున్నది ఏదైనా ఉందంటే ఆ కబుర్లే అనుకున్నాను. నేను మోసపోయాను. వేరే మాటలేం వెతకను దానికి.

అప్పుడు వంటక్క బర్రె గురించి చెప్పాను. ఆయనకు ఆ సంగతి తెలియదు. నిజంగానే తెలియదు, ఆ మాట ఒప్పుకోవాలి. తాపవద్దని చెప్పు అన్నారు. వెంటనే మళ్లీ, "ఈ వారం ఆగు" అన్నారు. "శుక్రవారం తనిఖీ ఉంది. ఇప్పుడు ఊళ్లో గొడవైతే ముందు పోయేది నా ఉద్యోగం, నేను లేకపోతే ఆ పైపు ఎవడూ సరిచెయ్యడు. శుక్రవారం అయ్యాక నేనే అధికారులతో మాట్లాడి నిజం చెప్పేస్తాను. నాలుగు రోజులు. నా మాట నమ్ము."

నమ్మాను. అంత జరిగాక కూడా. పదేళ్ల వయసు నుంచి నమ్మడం అలవాటైన మనిషిని ఒక్క సాయంత్రంలో నమ్మడం మానెయ్యడం చేతకాలేదు. నాలుగు రోజుల్లో ఏం మునిగిపోతుంది, ఇప్పటికే ఏడాదిన్నర తాగింది కదా ఆ బర్రె అని కూడా అనుకున్నాను. ఈ ఆలోచన మా ఆయనది కాదు, నాదే.

శుక్రవారం పొద్దున్న ఆయన బస్సుకు ముందు వాకిట్లో నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నారు. నేను లోపల డబ్బా సర్దుతున్నాను. ఆ వారమంతా ఆయనకు డబ్బా సర్దుతూనే ఉన్నాను, అదీ చెప్పేస్తున్నాను. "ఆరు చాలు," అంటున్నారు. "అరచెయ్యంతవే. నిన్నటివాటిలో రెండు తేడాగా ఉన్నాయి, సార్లు వచ్చేసరికి మార్చెయ్యాలి. పెద్దవి తేవద్దు."

బయటికి వచ్చి ఆయన మొహంలోకి చూశాను. ఫోన్ జేబులో పెట్టుకుని, "ఈ ఒక్కసారే" అన్నారు. డబ్బా చేతికివ్వకుండా లోపలికి వెళ్లిపోయాను. మేమిద్దరం ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటున్నాం. అన్నం దగ్గర అమ్మాయి చదువు గురించి మాట్లాడుకుంటాం. ఆయన అధికారులకు నిజం చెప్పలేదు. చెప్పింది నేనే, ఊళ్లోవాళ్లతో కలిసి, కాగితం మీద రాసి. అది వేరే కథ, ఇంకా నడుస్తోంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. వంటక్క బర్రె అక్టోబరులో ఈనింది. దూడ బక్కగా పుట్టింది కానీ బతికింది. ఇది చివర్లో చెబితే నా తప్పు చెల్లిపోయినట్టు కనపడుతుంది. చెల్లలేదు.

ఆ శుక్రవారం నేను బడికి వెళ్లి హాజరు పట్టీ కూడా తీసుకోకుండా నేరుగా వంటగదిలోకి వెళ్లాను. రేకుల షెడ్డు అది. వంటక్క బియ్యం కడుగుతోంది. నన్ను చూసి, "ఇంత పొద్దున్నే ఆకలైతుందా టీచరమ్మా?" అని నవ్వింది. పక్కనున్న పీట జరిపింది. నేను కూర్చోలేదు. బర్రెకు వాగు నీళ్లు తాపవద్దని చెప్పాను. ఎందుకో కూడా అంతా చెప్పాను. తొట్టి, చేపలు, పైపు. నీకు అప్పుడు చెప్పింది తప్పు అని, నిరుడు నీ బర్రెకు జరిగినదానికి నీ తప్పేమీ లేదేమో అని చెప్పాను. మా ఆయన చేసిన పనే అని చెప్పాను. నన్ను మోసం చేశారు అక్కా అని కూడా అన్నాను. ఆ మాట అనేటప్పుడు ఏడుపొచ్చింది. ఆమె నన్ను ఓదారుస్తుందనే అనుకున్నాను.

ఆమె బియ్యంలో చెయ్యి ఆపి వింది. మొత్తం విన్నాక ఒకే ఒక్కటి అడిగింది.

"మీకు ఎప్పుడు ఎర్కయింది?"

"సోమవారం."

ఆమె నీళ్లలోంచి చెయ్యి తీసి, కొంగుతో తుడుచుకుంది. కాసేపు నా వైపే చూసింది. కోపంగా కాదు. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"మంగళారం, బుధారం, బేస్తారం" అంది, ఒక్కొక్క వేలు మడుస్తూ. "మూడు దినాలు మీకు వడ్డించుకుంట బర్రె ముచ్చటే చెప్పిన గద. కడుపు కిందికి జారింది, ఇగ నెలనే అని. నిన్న వాగుల కడుపునిండ తాగిందని గూడ చెప్పిన."

చెప్పింది. మూడు రోజులూ చెప్పింది. నేను విన్నాను, ఊఁ కొట్టాను, నిన్న ఆ మాట చెప్తున్నప్పుడే ఇంకో గరిటె సాంబారు కూడా పోయించుకున్నాను.